కొట్లాడని సంఘం ఎవలిది?

ఒక తప్పు ఒప్పుకొని మొదలువెడ్త. ఇరవై ఏండ్ల కింద, ఇంటర్ నడిమిట్ల ఆపేసి ఇంటికాడ ఉన్నప్పుడు, మా ఊర్ల పొదుపు సంఘాలకు పుస్తకాలు రాసేదాన్ని. ఒక్కో సంఘం నెలకింత అని ఇచ్చేది. తొమ్మిది సంఘాలకు రాసిన. తీర్మానాల పుస్తకం, పొదుపు పుస్తకం, అప్పుల పుస్తకం, నగదు పుస్తకం. రాత గుండ్రంగ ఉంటదని అందరు మెచ్చుకునేటోళ్లు. గని ఆ తీర్మానాల పుస్తకాలల్ల నేను రాసిన మీటింగులు సగం జరగనే లేదు. లీడర్ అక్క ఇంటికాడ చాయ తాగుకుంట కూసుంటే, "ఈ నెలది గూడ రాసెయ్యి బిడ్డా" అనేది. రాసేదాన్ని. "సభ్యులందరు హాజరైనారు. ఏకగ్రీవంగా తీర్మానించినారు." తర్వాత ఇల్లిల్లు తిరిగి సంతకాలు, వేలిముద్రలు తెచ్చేదాన్ని. బీడీలు చేసుకుంట ఒకలు, బర్రెకు గడ్డేసుకుంట ఒకలు, ఏలు ఇచ్చేటోళ్లు. ఏం రాసినవని అడిగినోళ్లు లేరు.

మొన్న ఇల్లు సదురుతుంటే అండ్ల ఒక పుస్తకం దొరికింది. మూడేండ్ల తీర్మానాలు. మొదటి పేజీ నుంచి ఆఖరు పేజీ దాక సదివిన. ఒక్క నెలల గూడ ఒక్క మనిషి "నేను ఒప్పుకోను" అన్నట్టు లేదు. పన్నెండు మంది ఆడోళ్లు, మూడేండ్లు, పైసల యవ్వారం, ఒక్క మాట పట్టింపు లేదట! నలుగురు అన్నదమ్ములున్న ఇంట్ల వారం నడవది గిట్ల. చేసింది నేనే కాబట్టి నాకు సిగ్గయింది. ఈ ముచ్చట రాయాల్నని అప్పుడే అనుకున్న.

ఇప్పుడెందుకు రాస్తున్నవంటే, ఇయ్యాల తెలంగాణల ఆడోళ్ల సంఘాల మీద పడుతున్న బరువు ఎన్నడు పడలే. 2024ల సర్కారు ఇందిరా మహిళా శక్తి మొదలువెట్టింది. కోటి మంది ఆడోళ్లను కోటీశ్వరులను చేస్తమన్నది. ఐదేండ్లల్ల లక్ష కోట్ల రుణాలు ఇప్పిస్తమన్నది. బడి పిల్లల బట్టలు కుట్టుడు, క్యాంటీన్లు, సోలార్ ప్లాంట్లు, ఆర్టీసీకి కిరాయి బస్సులు, నారాయణపేటల పెట్రోల్ బంకు, ఊరి బడి మరమ్మతులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు, అన్నిటికి సంఘమే భుజం పెట్టాలె. వీటిల మంచివి లేవని నేను అనను. ఆడోళ్ల చేతుల పెట్రోల్ బంకు ఉన్నదంటే నాకు గూడ సంతోషమే. నేను అడిగేది వేరే. ఈ బరువంత ఏ భుజం మీద పెడుతున్నరో ఆ భుజం ఎట్లున్నది? సంఘం అంటే ఏంది, అది ఎట్ల పుడతది, ఎట్ల పెరుగుతది, ఎందుకు సస్తది? ఈ లెక్క చూసినోళ్లు ఎవలన్న ఉన్నరా?

ఈ లెక్క ప్రపంచంల చానామంది చూసిన్రు. నేను కాలేజీల సదువుకోలే. కోఠిల ఫుట్‌పాత్ మీద కుప్పవోసి అమ్మే పాత పుస్తకాలల్ల దొరికినయి దొరికినట్టు, డిక్షనరీ పక్కన పెట్టుకొని సదివిన. గట్ల ఒకపారి మేనేజ్‌మెంట్ పుస్తకంల బ్రూస్ టక్‌మన్ అనే అమెరికా సైకాలజిస్టు మాట కనబడ్డది. 1965ల ఆయన గుంపుల మీద అప్పటిదాక వచ్చిన 50 దాక పరిశోధన వ్యాసాలు ముందలేసుకొని, అన్నిట్ల ఒకటే తీరు కనబడుతున్నదని చెప్పిండు. మొదలు మనుషులు ఒక్కకాడికి వస్తరు. ఒకలనొకలు కొలుసుకుంటరు, మర్యాదగ మాట్లాడుతరు. రెండో దశల కొట్లాట. ఎవల మాట నడవాలె, ఎవల పని ఎంత, నువ్వెవలు నాకు చెప్పెతందుకు అని. మూడో దశల ఆ కొట్లాటకెల్లే కట్టుబాట్లు పుడతయ్. నాలుగో దశల పని నడుస్తది. పన్నెండేండ్ల తర్వాత, 1977ల, మేరీ యాన్ జెన్సెన్‌తోని కలిసి ఐదో దశ గూడ చేర్చిండు. అది ఇడిపోవుడు. ఇంగ్లీషుల ఫార్మింగ్, స్టార్మింగ్, నార్మింగ్, పర్ఫార్మింగ్ అని ప్రాస కలిపిండు కాబట్టి కంపెనీల ట్రైనింగులల్ల గిప్పటికి గదే పాట.

ఇది ఎక్కాల పుస్తకం కాదు. టక్‌మన్ చూసిన గుంపులల్ల చానావరకు మానసిక వైద్యం కోసం కూసోబెట్టినయి, శిక్షణ కోసం కూసోబెట్టినయి. పైసలు, కులం, భూమి నడుమ ఉన్న ఊరి గుంపులు కావు. మన సంఘాలు నాలుగో మెట్టు మీదికెల్లి రెండో మెట్టుకు ఎన్నిసార్లు పడతయో నడిపిన మనకు ఎరికే. కొత్త సభ్యురాలు వస్తే మళ్ల మొదలు. లీడర్ మారితే మళ్ల మొదలు. గని ఒక్క మాట మాత్రం ఆయన చెప్పింది మా ఊరికి గూడ వర్తిస్తది. కొట్లాట అనేది సంఘానికి వచ్చిన రోగం కాదు, సంఘం ఎదిగే తొవ్వల అదొక మలుపు. ఆ మలుపు తిరగకుంట కట్టుబాటు కాడికి పోలేం.

ఎట్లనో చెప్త. నేను రాసిన తొమ్మిది సంఘాలల్ల రెండింటి కథ ఇది. పేర్లు వద్దు.

మొదటిదాంట్ల పద్నాలుగు మంది. ఐదుగురు అంబేద్కర్ వాడోళ్లు, తొమ్మిది మంది పైవాడోళ్లు. మీటింగు లీడరమ్మ ఇంటికాడ. పైవాడోళ్లు అరుగు మీద కూసునేది, ఆ ఐదుగురు వాకిట్ల నిలవడేది. ఎవలు నిలవడమనలే, ఎవలు కూసోమనలే. ఏడాది గట్లనే నడిచింది. ఒక నెల, కొత్తగ కాపురానికొచ్చిన కోడలు పిల్ల, వాకిట్లకెల్లే అన్నది: "అక్కా, నా యాభై రూపాయలు అరుగు మీదికి వస్తున్నయి గద, నేనెందుకు రావద్దు? వచ్చే నెల నుంచి ఈడ మీటింగైతే నేను పొదుపు కట్ట." ఇగ సూడు. మూడు నెలలు లొల్లి. ఇద్దరు సంఘం ఇడిసిపెట్టిపోయిన్రు. ఒకామె ఇంకొకామెను తిట్టరాని తిట్లు తిట్టింది. పంచాది సర్పంచ్ కాడికి పోయింది, ఆయన "ఆడోళ్ల లొల్లి" అని చేతులు దులుపుకున్నడు.

నాలుగో నెల బడి వరండల కూసున్నరు. అందరు కింద, ఒకటే సాప మీద. ఆ దినం నాలుగు మాటలు ఖరారైనయ్. మీటింగు బడికాడనే. మొదటి అప్పు ఎవలకనేది లీడర్ చెప్పుడు కాదు, చీటీలు తీసుడు. లీడర్ రెండేండ్లకోపారి మారాలె. ఆలస్యంగ వచ్చినోళ్లకు ఐదు రూపాయలు దండుగ, లీడరైనా సరే. ఆ మూడు నెలలు నేను పుస్తకంల "సమావేశము జరగలేదు" అని రాస్తే, పైనుంచి వచ్చిన సారు నన్ను కోపం జేసిండు. గ్రేడ్ 'సి'కి పడ్డది.

రెండోది ఇందాక చెప్పిన పుస్తకం సంఘం. పన్నెండు మంది. లీడరమ్మది పెద్దిల్లు, మాట మంచిది, ఆఫీసోళ్లు వస్తే చాయ, చెక్కలు పెట్టేది. కొట్లాట లేదు. గ్రేడ్ 'ఎ'. బ్యాంకు లక్షా యాభై వేలు ఇచ్చింది. తలా పన్నెండు వేల ఐదు వందలు పంచినట్టు నేనే రాసిన. నిజానికి ఆరుగురి పైసలు, అంటే 75 వేలు, లీడరమ్మ ఇంటికే పోయినయ్. వాళ్లింటోళ్ల ట్రాక్టర్ కిస్తికి. ఆ ఆరుగురిల ఇద్దరికి ఎరికే, వాళ్లామె పొలంల కైకిలి పోతరు, నోరు తెరవలే. నలుగురికి తెల్వనే తెల్వదు. ఏడాదిపాటు లీడరమ్మ కిస్తీలు సక్కగనే కట్టింది. కాయితం మీద రికవరీ నూటికి నూరు. తర్వాత కాలం కాలే, పంట ఎండింది, కిస్తీ ఆగింది. బ్యాంకోళ్లు పన్నెండు మంది పొదుపు ఆపిన్రు.

అండ్ల ఒక అవ్వ ఉన్నది. బిడ్డ కాన్పుకు ఆపరేషన్ అంటే పొదుపు పైసలు తీద్దామని పోయింది. ఇయ్యలే. "నీ పేరు మీద అప్పున్నది" అన్నరట. సీదా మా ఇంటికొచ్చింది. కొట్టలే, తిట్టలే. "నువ్వు రాసినవ్ గద బిడ్డా, నేను ఆ దినం ఏమన్న? జెర సదువు" అన్నది. నేను సదవలేకపోయిన. ఆమె ఆ దినం ఏమీ అనలే, ఎందుకంటే ఆ దినం అనేదే లేదు. కాన్పుకు నూటికి ఐదు రూపాయల మిత్తికి తెచ్చుకున్నది. ఆ మిత్తిల నా గుండ్రటి రాత పాలు గూడ ఉన్నది.

లొల్లి చేసిన సంఘానికి 'సి', సప్పుడు చెయ్యని సంఘానికి 'ఎ'. మొదటి సంఘం ఇప్పటికి నడుస్తున్నది. రెండోది ఆ ఏడాదే ఇరిగింది. సర్కారు కొలిచిన కొలబద్ద ఎంత ఉల్టగ ఉన్నదో ఈ రెండు పుస్తకాలు చెప్తయ్. పంచసూత్రాలు అంటరు: నియమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి కట్టుడు, పుస్తకాలు రాసుడు. ఐదు మంచివే. గని ఐదింటిని కాయితం మీద చూసి మార్కులేస్తే, కాయితం మంచిగ రాసే నా అసొంటోళ్లు ఉన్నంతకాలం అన్ని సంఘాలు 'ఎ' గ్రేడే.

ఇగ లీడర్ ముచ్చట. ఆ లీడరమ్మను దొంగ అని ఇడిసిపెడితే మనకు ఏం తెల్వదు. జర్మనీల పుట్టిన రాబర్ట్ మిషెల్స్ అనే ఆయన 1911ల ఒక పుస్తకం రాసిండు. జర్మనీ సోషల్ డెమోక్రటిక్ పార్టీని దగ్గరుండి చూసి, ప్రజాస్వామ్యం కోసం పుట్టిన పార్టీలనే పెత్తనం కొద్దిమంది చేతులకు ఎట్ల పోతదో చెప్పిండు. ఆఫీసు నడిపెటోళ్లకు సమాచారం తెలుస్తది, మాట్లాడుడు వస్తది, కుర్సీ ఇడువ బుద్ధి కాదు. కింది సభ్యులకు తీరిక ఉండది, పైన ఉన్నోళ్ల మీద భక్తి ఉంటది. దీన్ని ఉక్కు సూత్రం అన్నడు. తప్పదు అన్నడు. ఆయన గూడ తర్వాత ముస్సోలినీ పక్కకు పోయిండు. "తప్పదు" అని ఒప్పుకున్న మనిషి ఏడ తేలుతడో అదొక పాఠం. మనం సూత్రం తీసుకోవాలె, తప్పదన్న మాట ఇడిసిపెట్టాలె.

మరి లీడరే లేకుంటే? అమెరికాల 1960ల చివర ఆడోళ్ల ఉద్యమంల గిట్లనే అనుకున్నరు. నాయకులు వద్దు, పదవులు వద్దు, అందరం సమానం అని చిన్న చిన్న గుంపులు పెట్టుకున్నరు. అండ్ల పనిచేసిన జో ఫ్రీమన్ 1970ల మొదట్ల ఒక వ్యాసం రాసింది. రూపం లేని గుంపు అనేది ఉండదు, రూపం కనబడని గుంపే ఉంటది అని ఆమె వాదన. పదవులు లేవంటే పెత్తనం లేదని కాదు. దోస్తులు దోస్తులు ముందే మాట్లాడుకొని వస్తరు, మిగిలినోళ్లకు ఎందుకు ఓడిపోయిన్రో గూడ తెల్వదు. పేరు లేని పెత్తనాన్ని దించుడు పేరున్న పెత్తనాన్ని దించుడు కంటే కష్టం. ఈ మాట సదివినప్పుడు నేను పనిచేసిన ప్రజా సంఘాలే కండ్లల్ల మెదిలినయ్. "మన దాంట్ల పెద్ద చిన్న లేదు" అనుకుంట రాత్రి నలుగురు కూసొని నిర్ణయం చేసి, పొద్దుగాల నలభై మందితోని చేతులెత్తించిన మీటింగులు నేను చూసిన. చేతులెత్తిన దాంట్ల నేనున్న, ఒకటి రెండుసార్లు రాత్రి కూసున్న నలుగురిల గూడ ఉన్న.

మొదటి సంఘం కట్టుబాట్లు ఇంకోసారి చూడుర్రి. లీడర్ ఉన్నది, గని రెండేండ్లే. అప్పు లీడర్ దయ కాదు, చీటీ. దండుగ లీడర్‌కు గూడ. మిషెల్స్ పేరు, ఫ్రీమన్ పేరు ఇనని ఆడోళ్లు, బడి వరండల సాప మీద కూసొని, ఆ ఇద్దరు చెప్పిన రోగానికి మందు తయారుచేసుకున్నరు. ఆ మందు మూడు నెలల కొట్లాటకెల్లి వచ్చింది, ట్రైనింగ్ మాడ్యూల్‌కెల్లి రాలే.

గుంపు పెద్దగైతే ఏమైతదో గూడ చూడాలె. ఫ్రాన్స్‌ల రింగెల్‌మన్ అనే వ్యవసాయ ఇంజనీరు వంద ఏండ్లకు చానా ముందే మనుషులతోని తాడు గుంజించిండు. ఒక్కడు గుంజితే ఎంత బలం, ఎనిమిది మంది గుంజితే ఎంత అని లెక్కవెట్టిండు. ఎనిమిది మంది అయ్యేసరికి ఒక్కొక్కరు పెట్టే బలం సగానికి దిగింది. కొంత ఒకలతోని ఒకలకు అదును కుదరక, కొంత "వాళ్లు గుంజుతున్నరు గద" అనే నెమ్మది. జాతరల రథం గుంజినోళ్లకు ఇది చెప్పాల్నా? 1965లనే మాన్కర్ ఒల్సన్ అనే ఆర్థికవేత్త ఇంకో మాట చెప్పిండు. లాభం అందరికి సమానంగ వచ్చే కాడ, కష్టం మాత్రం ఎవలకు వాళ్లు పడాల్సిన కాడ, పెద్ద గుంపుల ప్రతి మనిషి "నేను పడకున్న నడుస్తది" అనుకుంటడు. చిన్న గుంపుల ఒకలు రాకుంటే తెలుస్తది, పెద్ద గుంపుల తెల్వది.

పన్నెండు మంది సంఘం, ఊరికొక సమాఖ్య, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య. బస్సు కొనేది మండల సమాఖ్య. బంకు నడిపేది జిల్లా సమాఖ్య. మా ఊరి బీడీలక్కకు ఆ బంకుల పాలున్నదా? కాయితం మీద ఉన్నది. లెక్క అడిగే హక్కున్నదా? అది గూడ ఉన్నది. అడిగెతందుకు బస్సు కిరాయి, ఒక దినం కూలి పోగొట్టుకొని ఎవలు పోతరు? ఒల్సన్ చెప్పింది గదే. అందుకే పైకి పోయినకొద్ది లెక్క కిందికి నడిచి రావాలె. మనిషిని పైకి రమ్మనుడు కాదు.

గుంపు ఒత్తిడి అనే దానికి ఇంకో మొకం ఉన్నది, అది మనం మర్చిపోవద్దు. బంగ్లాదేశ్‌ల 1976ల యూనస్ జోబ్రా ఊర్ల చిన్న అప్పులు మొదలువెట్టిండు. అండ్లకెల్లి గ్రామీణ్ బ్యాంకు వచ్చింది, ఐదుగురు ఆడోళ్ల గుంపు వచ్చింది. జామీను లేని పేదామెకు పక్కామె నమ్మకమే జామీను. మంచి ఆలోచన. మన దగ్గరికి వచ్చేసరికి మైక్రోఫైనాన్స్ కంపెనీలు దాన్నే ఉరితాడు చేసినయ్. ఒకామె కిస్తీ కట్టకుంటే మిగిలిన నలుగురిని ఆమె ఇంటిముందల కూసోబెట్టుడు. అప్పుల ఒత్తిడికి ఆడోళ్లు పాణాలు తీసుకున్నరన్న వార్తలు వరుసబెట్టి వచ్చినంక, 2010 అక్టోబర్‌ల ఉమ్మడి రాష్ట్ర సర్కారు ఆర్డినెన్స్ తెచ్చింది. ఐదుగురు ఒకటిగ ఉన్నంత మాత్రాన ఐకమత్యం కాదు. ఆ ఐదుగురు ఎవల మీద ఒత్తిడి పెడుతున్నరు, ఆ పద్ధతి ఎవలు రాసిన్రు అనేది చూడాలె. పద్ధతి కంపెనీ రాసింది, ఏడుపు ఐదుగురు పంచుకున్నరు.

"పద్ధతి ఎవలు రాసిన్రు" అనే ప్రశ్న మీదనే ఎలినార్ ఆస్ట్రమ్ జీవితమంత పనిచేసింది. ఆమె 1990 పుస్తకం స్విట్జర్లాండ్ పచ్చిక బయళ్లు, జపాన్ ఊరి అడవులు, స్పెయిన్, ఫిలిప్పీన్స్ కాలువలు, గిట్ల ఉమ్మడి సొత్తును వందల ఏండ్లు కాపాడుకున్న ఊర్ల కథ. 2009ల ఆర్థిక శాస్త్రంల నోబెల్ వచ్చింది, ఆ బహుమతి తీసుకున్న మొదటి ఆడామె. ఆమెకు అన్నిట్ల కనబడ్డ ఇగురం ఇది: వాడుకునేటోళ్లే నియమాలు రాసుకోవాలె. కాపలా ఉన్నోడు వాళ్లకే జవాబు చెప్పాలె. తప్పు చేస్తే శిక్ష చిన్నగ మొదలై మెల్లగ పెరగాలె. తకరారు తెంపుకునేతందుకు దగ్గర్ల, ఖర్చు లేని జాగ ఉండాలె. పైనున్న సర్కారు వాళ్ల నియమాలను కాలరాయొద్దు.

ఇది మనకు కొత్త ముచ్చటనా? మన చెరువుల కాడ నీరడి ఉండేటోడు. తూము తెరిచుడు, మూసుడు, ఏ మడికి ఎన్ని నీళ్లు అనేది ఆయన పని. జీతం సర్కారుది కాదు, ఆయకట్టు రైతులు కల్లంకాడ ఇచ్చే గింజలు. తప్పు చేస్తే కల్లంకాడనే అడిగేది. ఆ పద్ధతిల గూడ కులం ఉన్నది, పటేల్ పెత్తనం ఉన్నది, నేను దాన్ని బంగారం అనను. గని 1997ల ఉమ్మడి రాష్ట్రంల చట్టం చేసి ఒక్కపారే 10 వేలకు పైగ నీటి సంఘాలు పుట్టించిన్రు, ఎన్నికలు పెట్టిన్రు. ఇయ్యాల మీ చెరువు కింద నీటి సంఘం అధ్యక్షుడు ఎవలో చెప్పుర్రి చూద్దాం. జీవోతోని సంఘం పేరు పుడతది, సంఘం పుట్టది.

దీనికి ఉల్టగ ముల్కనూరు ఉన్నది. 1956ల పెట్టుకున్న సహకార సంఘం ఇప్పటికి నడుస్తున్నది. అక్కడి ఆడోళ్లు 2002ల సొంత పాల డెయిరీ పెట్టుకున్నరు. దాని ఎనుక 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఉన్నది. సర్కారు వాటా లేదు కాబట్టి సర్కారు పెత్తనం లేదు. పైసలు వాళ్లవి, నియమం వాళ్లది, లాభం నష్టం వాళ్లదే.

ఇంకొంచెం ఎనుకకు పోతే దూబగుంట. నెల్లూరు జిల్లా. 1990ల మొదట్ల అక్షరాస్యత ఉద్యమంల రాత్రి బడికి వచ్చిన ఆడోళ్లు అక్షరాలతోని పాటు ముచ్చట్లు పెట్టుకున్నరు. మొగోళ్ల సంపాదన సారా దుకాణంలకు పోతున్నదన్న ముచ్చట. సారా బంద్ చేయించిన్రు, 1992ల జిల్లాల వేలంపాటలు ఆపిన్రు, రాష్ట్రమంత అంటుకున్నది, 1993 అక్టోబర్ 1 నుంచి సారా బంద్ అయింది. ఆ గుంపుకు ఎవలు గ్రేడింగ్ ఇయ్యలే. తర్వాత ఏమైంది? ఆ ఆడోళ్లనే దినానికి రూపాయి పొదుపు చెయ్యిమన్నరు. పొదుపు చెడ్డది కాదు, చానామందిని షావుకారి గడపకెల్లి బయటికి తెచ్చింది. గని సర్కారు ఆ సంఘాలల్ల పొదుపును ఉంచి, కొట్లాటను మెల్లగ తీసేసింది. 1995 జనవరిల వచ్చిన మద్యనిషేధాన్ని 1997ల ఎత్తేసిన నాటికి, ఆడోళ్ల సంఘాలు లెక్కకు చానా పెరిగినయ్. అడ్డుకునే సంఘాలు మాత్రం కనబడలే. ఇయ్యాల బెల్టు షాపు ముందల ధర్నా చేసిన సంఘానికి ఏ సర్కారన్న బహుమతి ఇస్తదా?

"రికవరీ ఇంత మంచిగున్నది, సంఘాలు బాగలేవంటవేంది?" అని ఆఫీసర్లు అడుగుతరు. మన ఆడోళ్లు కిస్తీ కట్టుడుల ఎవలకు తీసిపోరు, నిజమే. గని కిస్తీ కట్టుడు ఒకటి, సంఘం నడుసుడు ఒకటి. నేను రాసిన 'ఎ' గ్రేడ్ సంఘం గూడ ఏడాది కిస్తీలు తప్పలే. సర్కారుకు ఆడోళ్ల సంఘం మూడింటికి అక్కరకొస్తున్నది: అప్పు ఇచ్చెతందుకు, పథకం మోసెతందుకు, సభకు బస్సులల్ల జనం ఎక్కించెతందుకు. ఎవలు అధికారంల ఉన్నా గిదే. ఈ మూడింటికి సప్పుడు చెయ్యని సంఘమే కావాలె. అందుకే మొదటి దశకెల్లి సీదా నాలుగో దశకు దుంకుమంటరు. నడిమిట్లది దాటిపోయిన సంఘం మీద బస్సు అప్పు, సోలార్ అప్పు పడితే, ఇరిగేది ఆఫీసర్ మెడ కాదు. కైకిలి చేసుకునే అవ్వ పొదుపు ఇరుగుతది.

కాబట్టి నేను అడిగేది పెద్దది కాదు. పెద్ద అప్పు ఇచ్చే ముందు, ఆ సంఘం లీడర్ ఎన్నేండ్ల నుంచి మారలేదో చూడుర్రి. మారకుంటే అప్పు కంటే ముందు ఎన్నిక. ప్రతి నెల పుస్తకం అందరి ముందల గట్టిగ సదవాలె, ఎవల పేరు మీద ఎంత అప్పున్నదో వాళ్ల చెవిన పడాలె. మండల, జిల్లా సమాఖ్యల బస్సు లెక్క, బంకు లెక్క ఊరి మీటింగుకు రావాలె. "మాకు ఈ పథకం వద్దు" అని తీర్మానం చేసే హక్కు సంఘానికి ఉండాలె, వద్దన్నందుకు గ్రేడ్ తగ్గొద్దు. పుస్తకాలు రాసే వీవోఏలు 2023ల జీతాల కోసం సమ్మె చేసిన్రు. వాళ్ల కడుపు నిండాలె, వాళ్లు లీడర్ చాయకు, సారు కోపానికి కాకుంట సంఘానికి జవాబు చెప్పాలె. అన్నిటికంటే, తీర్మానాల పుస్తకంల "ఒప్పుకోనోళ్లు" అని ఒక గడి ఉండాలె. ఎవలు, ఎందుకు ఒప్పుకోలేదో రాయాలె. మూడేండ్లు ఆ గడి ఖాళీగ ఉంటే, ఆ సంఘం కాడికి ఆఫీసర్ శాలువ పట్టుకొని కాదు, అనుమానంతోని పోవాలె.

సంఘాల అక్కలకు, చెల్లెండ్లకు గూడ ఒక మాట. వచ్చే మీటింగుల లొల్లి అయితే భయపడకుర్రి. "ఆడోళ్ల లొల్లి" అని ఎవడన్న నవ్వితే నవ్వనియ్యిర్రి. లొల్లి అయినంక ఏం ఖరారైందో మాత్రం రాయించుర్రి. రాసినంక, ఆ అవ్వ నన్ను అడిగిన మాటే మీ పుస్తకం రాసే పిల్లను ప్రతి నెల అడుగుర్రి: "నేను ఆ దినం ఏమన్న? జెర సదువు."